గీత దాటి తిరిగొచ్చిన ఉడుం అన్న

ఆ రోజుల్లో ‘నాకు తెలియదు’ అనే మాట నా నోటికి అలవాటు లేదు. చమురు డబ్బుతో ఖతర్ ఎడారిలో ఎటు చూసినా క్రేన్లు లేస్తున్న కాలం. రాజమండ్రి నుంచి మదీనత్ అల్ షమాల్ దగ్గరి సైటుకి కూలీల హాజరు రాసే టైమ్‌కీపర్‌గా వెళ్ళిన నాకు, ఇంగ్లీషు వచ్చు గనుక లోకంలో అన్నీ వచ్చనే నమ్మకం ఉండేది. అక్కడ తెల్ల ఇంజనీర్లు ఒక రగ్బీ క్లబ్బు పెట్టారు. (క్లబ్బంటే గొప్పగా ఊహించుకోకండి. చదును చేసిన ఇసుక, స్కాఫోల్డింగ్ పైపుల గోల్‌పోస్టులు, ఒక నీళ్ళ డ్రమ్ము, అంతే.) మనుషులు చాలక మా క్యాంపులో శుక్రవారాలు కబడ్డీ ఆడేవాళ్ళను జట్టులోకి తీసుకున్నారు.

వాళ్ళలో జగిత్యాల వైపు నుంచి వచ్చినతను ఒకడు. పట్టుకుంటే వదలడని అందరం ఉడుం అన్న అనేవాళ్ళం. ఎండలో ఇనుప రాడ్లు వంచీ వంచీ అతని అరచేతులు బొబ్బలెక్కి ఉండేవి. దోహా జట్టు మీద గెలిపిస్తే స్టోర్‌లో నీడపట్టు పని ఇస్తానని కెప్టెన్ ఇంజనీరు మాటిచ్చాడు. అన్న ఆశంతా ఆ మాట మీదే. ఆటెలాగో తెలుగులో చెప్పే బాధ్యత నాది. నాకూ తెలియదు. ఎవరినైనా అడిగితే పరువు పోతుందని, “మన కబడ్డీయే అన్నా, కాకపోతే చేతిలో బంతి ఉంటుంది” అని తేల్చేశాను.

దోహా జట్టుతో ఆట ముగిసే వేళకి బంతి అన్న చేతికొచ్చింది. అడ్డొచ్చినవాళ్ళను విదిలించుకుని అవతలి గీత దాటేశాడు. అక్కడ బంతిని నేలకి ఆనిస్తే గెలుపు మాదే. అన్న ఆనించలేదు. ఎదురుగా ఉన్నవాడి భుజం తట్టి, ఊపిరి బిగబట్టి, వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తుకొచ్చి, బంతిని కెప్టెన్ కాళ్ళ దగ్గర పెట్టి, “ఒకడు అవుట్, సార్” అన్నాడు. రెండు జట్లూ ఇసుకలో దొర్లి నవ్వాయి. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. నవ్వనిది కెప్టెన్ ఒక్కడే. ఇలా ఆడమని ఎవరు నేర్పారో కనుక్కోమని నాకే చెప్పాడు. ఆ ప్రశ్న తెలుగులో అడిగాను. అన్న కాసేపు నా మొహంలోకి చూశాడు.

“ఎవ్వలు నేర్పలేదని చెప్పు తమ్మీ. నాకే సమజ్ కాలే.”

ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాను.

స్టోర్ పని ఇంకెవరికో పోయింది. అన్న మళ్ళీ రాడ్ల దగ్గరికే వెళ్ళాడు, బంతి మాత్రం ముట్టలేదు. సైటు పని అయిపోయి, ఇంజనీర్లు వెళ్ళిపోయి, క్లబ్బు మూతపడిన రోజున ఆ గోల్‌పోస్టుల పైపులు విప్పి లారీకెక్కించినవాళ్ళలో అతనూ ఉన్నాడు. దగ్గరికెళ్ళి ఒక్క మాట చెప్పాల్సింది. అతని హాజరు వేసుకుని వచ్చేశాను.

ఇప్పుడు టీవీలో రగ్బీ వచ్చి, ఎవడైనా గీత దాటగానే, “అక్కడే పెట్టెయ్ అన్నా” అని నా నోటి నుంచి వచ్చేస్తుంది. ముసలితనంలో ఈ ఆట పిచ్చేమిటని మా ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను, ఇప్పుడు కాస్త నెమ్మదిగా.