చపాతీ పీట మీద మౌసు

ఆదివారం వచ్చిందంటే మా ఆయన, మేడ మీద ఉండే మా మరిది, అల్వాల్‌లో ఉండే మరిది దోస్తు, ఎవరి టీవీ ముందు వాళ్లు కూర్చుని, మైకుల్లో మాట్లాడుకుంటూ ఒకే జట్టుగా తుపాకుల ఆట ఆడేవారు. చాయ్‌లు అందించడం నా వంతు. మా ఆయన షామీర్‌పేట వైపు ఒక వెంచర్‌లో ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టాక, కొనేవాళ్లంతా ఆదివారాలే వస్తామనేవారు. అట్లా జట్టులో ఆయన చోటు ఖాళీ అయింది. ఆ చోటు మీద నాకు ఎప్పటినుంచో ఆశ.

"నేనాడుత" అన్నాను.

"రా వదినా, సరదాకు" అని మరిది నవ్వాడు. ఆ 'సరదాకు' నాకు గుచ్చుకుంది.

కంట్రోలర్ అనే ఆ వస్తువును కనిపెట్టిన వాళ్లకు నాలుగు బొటనవేళ్లు ఉండి ఉండాలి. ఒక పుల్లతో నడవాలట, ఇంకో పుల్లతో చూడాలట. నేను నడిస్తే చూడలేను, చూస్తే నడవలేను. నా సైనికుడు గోడకు ముక్కు రాస్తూ, ఆకాశం కేసి చూస్తూ ప్రాణాలు వదిలేవాడు.

"వదినా, మబ్బులు సూస్తున్నవా? ఇయ్యాల వాన వడ్తదా?" అనేవాడు మరిది.

నేను మేడ్చల్‌లో భూముల దస్తావేజులు టైపు చేస్తాను. సర్వే నంబర్లు, హద్దులు, తూర్పున ఫలానా వారి భూమి, పడమర బాట. పొద్దంతా నా వేళ్లు కీబోర్డు మీదే. అటువంటిదాన్ని పట్టుకుని పుల్లలు తిప్పమంటే ఎట్లా? ఇంట్లో మూలపడ్డ పాత కీబోర్డు, మౌసు తెచ్చి గేమ్ బాక్సుకు తగిలించాను. అది కిక్కురుమనకుండా ఒప్పుకుంది. మెత్తటి సోఫా మీద మౌసు కదలకపోతే వంటింట్లోంచి చపాతీ పీట తెచ్చి పక్కన పెట్టుకున్నాను. సాధన మైదానంలో నిలబెట్టిన బొమ్మలన్నీ టపటపా పడిపోయాయి.

మరిది కిందికి దిగొచ్చి పీటనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "గిదేంది వదినా, మస్తు కొడ్తున్నవ్! ఇగ మనం గెల్సినట్టే."

గెలవలేదు. ఆ ఆటకొక పద్ధతి ఉంది. జట్టులో ఒక్కరు మౌసు పట్టినా, మొత్తం జట్టును కంప్యూటర్ల మీద ఆడేవాళ్ల మధ్యకు తోస్తుంది. వాళ్లు మౌసు పట్టుకునే పుట్టినట్టున్నారు. మేం దిగీ దిగకముందే ఏరిపారేసేవారు. ఆదివారం తర్వాత ఆదివారం ఓడిపోయాం.

"మౌసు తీసెయ్యమని చెప్పురా వదినకు, పరేషాన్ అయితాంది" అన్నాడు అల్వాల్ దోస్తు ఒకరోజు, నేను వింటున్నానని తెలిసే.

"నేను తియ్య" అన్నాను. అది తీస్తే నన్ను తీసినట్టే కదా.

మా ఇంట్లో కూరలో ఉప్పు దగ్గర నుంచీ ఏ తగాదా అయినా అత్తమ్మ ముందు పంచాయితీకి పోవాల్సిందే. ఒకరు చెప్పేటప్పుడు ఇంకొకరు నోరు మెదపకూడదు. మరిది తన బాధ చెప్పుకున్నాడు. నేను నాది చెప్పుకున్నాను. అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"కోతలకొచ్చేటోళ్లు ఎవ్వరి కొడవలి వాళ్లు తెచ్చుకుంటరు. మా కొడవలి పట్టుకుంటెనే రాండ్రి అని ఎన్నడన్న అన్నమారా?"

"గది కాదమ్మా, ఈమె కొడవలికి పక్కూరోళ్లంతా మన మీద వడ్తున్నరు!"

"పడనియ్యి. గానీ నా చపాతీ పీట నాకియ్యున్రి."

పీట పోయింది, మౌసు మిగిలింది. పీటకు బదులు పరీక్షల అట్ట పెట్టుకున్నాను. మరిది మాత్రం మొహం మాడ్చుకునే ఆడాడు. నా వల్లే ఓడుతున్నామని నాకూ తెలుసు, బాధగానే ఉండేది. అయినా లేవబుద్ధి కాలేదు. ఆటలో అతను దెబ్బతిని పడిపోయినప్పుడల్లా గుండ్ల మధ్య నుంచి పరుగెత్తుకెళ్లి లేపి బతికించేదాన్ని. చాలాసార్లు అతణ్ణి లేపుతూనే నేనూ పడిపోయేదాన్ని.

"మా అన్నయితే ఎనక్కి తిరిగి సూడకపోతుండె" అన్నాడొకసారి, తనలో తాను అనుకున్నట్టు.

ఇంతలో వెంచర్‌లో ప్లాట్లు అయిపోయాయి. ఆ ఆదివారం మేం ఆట మొదలుపెట్టబోతుంటే మా ఆయన కంట్రోలర్ తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఇగ నేను ఖాళీనే. జర లే, నా జాగల నేను కూసుంట. ఇయ్యాల గెలిపిస్త సూడు."

నిజమే, ఆయన కూర్చుంటే గెలుస్తారు. నేను కీబోర్డు ఒళ్లోంచి తీయబోయాను. ఆయన మాట నా మైకులో పడ్డట్టుంది, టీవీలోంచి మరిది గొంతు వినబడింది.

"జాగ లేదన్నా. వదిన ఉన్నది."

అల్వాల్ దోస్తు దగ్గాడు గానీ కాదనలేదు. మా ఆయన కంట్రోలర్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆట మొదలైంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మసకలో ఎదురుగా వచ్చినవాణ్ణి చూసుకోనే లేదు. ఆ పూట అందరికంటే ముందు చచ్చింది నేనే.