ఓడక్క గుడ్డల ఇల్లు

మా ఓడక్క పోయింది. ఆ కబురు నాకు చెరుకు సాళ్ళ మధ్య, చేతిలో కత్తి ఉండగా తెలిసింది. కూలీల లైన్లో పిల్లల్ని చూసుకునే విజీనారం ముసలమ్మ గట్టు మీద నిలబడి, నెత్తిన చెయ్యి పెట్టుకొని, "ఓలమ్మో, నీ అక్క ఎలిపోనాదే!" అని కేకేసింది. కత్తి పడేసి పరుగెత్తబోయాను. మా మీద పెత్తనం చేసే సర్దారు అడ్డం వచ్చాడు. "టాస్కు పూరా కరో, తబ్ జానా" అన్నాడు. పని ముగించి పొమ్మని. పోయిన మనిషి ఎక్కడికీ పారిపోదట, నాకోసం ఆగుతుందట. నవ్వుతూ అన్నాడు. వాడి నాలుక పడిపోను!

ఏడుస్తూ నరికాను. కళ్ళనిండా నీళ్ళతో మోడు ఏదో గడ ఏదో తెలియలేదు. పక్క సాళ్ళ ఆడవాళ్ళు తమ పని వదిలి నా సాల్లో చేతులు వేశారు. వాళ్ళ పుణ్యాన పొద్దు వాలకముందే బయటపడ్డాను, లేకపోతే నా అక్కను కడసారి చూసుకునే రాత కూడా నాకు ఉండేది కాదు.

ఇది చదివే మీరు గోదావరి గట్టున ఉంటారో, చెన్నపట్నంలో ఉంటారో నాకు తెలియదు. మా నాన్న అనకాపల్లి దగ్గర వీధిబడి పంతులు గనుక నాకు నాలుగక్షరాలు వచ్చు. ఫిజీ ద్వీపంలో, ద్రాసా అనే చోట, ఒక కూలీల లైన్లో ఇలాంటి మనిషి ఒకత్తె ఉండేదనీ, ఆమె ఒక ఇల్లు చేసుకుందనీ మన దేశంలో ఒక్కరికైనా తెలియాలని రాస్తున్నాను. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు.

ఓడక్క నాకు తోడబుట్టింది కాదు. ఇక్కడ ఒకే ఓడ దిగినవాళ్ళే చుట్టాలు. కులం తరవాత, ఊరు తరవాత, ముందు ఏ ఓడ అని అడుగుతారు. మేమంతా ఓడ అడుగున పేగులు తెగేలా కక్కుకుంటూ పడి ఉంటే, ఆమె ఒక్కతే గోడకు చేరగిలబడి, చిన్న కొక్కెం పుచ్చుకొని దారం అల్లుతూ కూర్చునేది. "కక్కడానికి టయిముంది గానీ కూర్చోడానికి లేదేంటే? కన్ను చేతిమీద పెట్టు, కడుపు కుదురుకుంటది" అనేది. నరసాపురం వైపు మనిషి. అక్కడ ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని లేసు అల్లుతారు, షావుకారు దాన్ని సీమకు పంపుతాడు. మొగుడు పోయాక అత్తింటివాళ్ళు గెంటేస్తే, దొరసానుల బంగళాల్లో లేసు పని ఇప్పిస్తానని ఒకడు మాయమాటలు చెప్పి గిర్మిటు కాగితం మీద, అదే కూలి ఒప్పందం మీద, వేలిముద్ర వేయించాడు. ఓడ దిగాక ఆ చేతికి గునపం ఇచ్చారు.

ఓడ దిగిన రెండో ఏట నా మగడు రక్తవిరేచనాలతో పోయాడు, నా కడుపులో పిల్లను వదిలి. అప్పుడు నన్ను ఓడక్క గదిలోకి మార్చారు. ఆ లైను చూడనివాళ్ళకు చెబితే అర్థం కాదు. పొడుగాటి రేకుల కొట్టం, దాన్ని గొడ్ల సావిడిలా గదులు గదులుగా విడగొట్టారు. గదికీ గదికీ మధ్య పలక గోడ మనిషెత్తు వరకే, దానిపైన ఇనపవల. ఆ చివర ఎవరైనా దగ్గితే ఈ చివర తెలుస్తుంది. పక్క గదిలో ఒంటరి మగాళ్ళు. పెట్టె ఎక్కి చూస్తే వలలోంచి అంతా కనబడుతుంది, చూసేవాళ్ళు చూసేవారు కూడా. చీర మార్చుకోవాలంటే ప్రాణం పోయేది. నేనొచ్చిన నాడు ఆ గదిలో కాలు పెట్టి, ఒక్క క్షణం పొరపాటున వేరెక్కడికో వచ్చాననుకున్నాను.

వల కనబడలేదు. దాని మీద గోడంత పొడవునా తెల్లటి దుప్పటి, కింద అంచుకు అరచేతి వెడల్పున లేసు. కిరసనాయిలు పెట్టె అరలకు పువ్వు పువ్వుగా అంచులు. నీళ్ళకుండ మీద పూసలు కుట్టిన మూత గుడ్డ. గడపకు పసుపు. గుమ్మానికి నేలదాకా జారే పాత లేసు తెర, అది గాలికి కదులుతుంటే గంజి వాసన వచ్చేది. "చూస్తావేంటే గుడ్లప్పగించి? కాళ్ళు కడుక్కుని రా, ఇల్లిది" అంది. నేను ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

ఆ గుడ్డలన్నీ పాతవే. కొన్ని వాళ్ళమ్మ చేతివి, కుట్టు తప్పిందని షావుకారు తిప్పి కొట్టిన ముక్కలు. వాటినే మూటగట్టుకుని సముద్రం దాటింది. మిగతావి కులంబరు బంగళావి. తోట మీద అజమాయిషీ చేసే తెల్లదొరను ఇక్కడ కులంబరు అంటారు. ఆదివారాలు ఆ ఇంట్లో బట్టలుతికి, దొరసాని అవతల పారేసే బల్లగుడ్డలూ దిండుగలీబులూ కాలిన తెరలూ అడిగి తెచ్చుకునేది. దొరసాని అమ్మమ్మ నాటివట కొన్ని, పట్టుకుంటే పిగిలిపోయేవి. వాటిని బూడిద నీళ్ళలో ఉడకేసి, నిమ్మకాయ పిండి, గడ్డి మీద పరిచేది. ఆరుతున్నకొద్దీ నీళ్ళు చిలకరించేది. "ఎండ తాగితేగానీ ముసలి పసుపు వదలదే" అనేది. కర్రపెండలం గంజి పెట్టి, సీసాతో ఒత్తేది. చిరుగు ఉంటే దాన్ని మూసి కుట్టేది కాదు. దాని చుట్టూ కొక్కెంతో అంచు కట్టి, మధ్యలో దారాలు లాగి పువ్వు చేసేది. "చిరుగు దాస్తే ఇంకా చిరుగుతది. దానికో అంచు కట్టి కూర్చోబెట్టు, అదే పద్ధతిగా ఉంటది" అనేది. గుడ్డ సంగతే చెప్పేదో మా సంగతి చెప్పేదో గానీ, అది విన్నప్పుడల్లా నాకు కాస్త ఊపిరి ఆడేది.

లైన్లో వాళ్ళు ఊరుకుంటారా? "మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనెట" అన్నారు. "మీసాలు లేవు కదా, గోడకి రాసుకుంటన్నాను. మీకేం నొప్పి?" అంది. అన్నవాళ్ళే నాలుగు రోజులు పోయాక వచ్చి, మా అరకి కూడా ఒక ముక్క అంచు పెట్టమని బతిమాలారు. పెట్టింది, తిట్టుకుంటూనే.

ఒకనాడు సర్దారు లైను తనిఖీకి వచ్చి, కర్రతో మా గుమ్మం తెర ఎత్తాడు. ఇదేమిటి, బంగళానా అన్నాడు. వాడు ఆడవాళ్ళ గదుల్లోకి ఎందుకు వస్తాడో లైన్లో అందరికీ తెలుసు. ఓడక్క అల్లిక మీంచి తల ఎత్తలేదు. "ఘర్ హై. జూతా ఉతారో" అంది. ఇల్లు, చెప్పులు విప్పు అని. వాడు తన బూట్ల బురద చూసుకున్నాడు, పసుపు గడప చూశాడు. ఏమనుకున్నాడో, తెర వదిలేసి పోయాడు. మర్నాటి నుంచి ఆమెను రాళ్ళ చేలో పనికి వేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, ఆ బాపతు. ఆ రాళ్ళ చేనే ఆమె నడుం విరిచిందని నేను ఇవాళ్టికీ అంటాను, ఎవరికి కోపం వచ్చినా సరే.

నా పిల్ల ఆ గదిలోనే పుట్టింది. మంత్రసాని పని చేసింది విజీనారం ముసలమ్మే. "పాత గుడ్డ ఉన్నాదేటి? పసిగుడ్డుకి కొత్తది కప్పకూడదు" అని కేకలేసింది. మన వైపు ఇళ్ళలో ముత్తవ్వల మెత్తటి పాతచీరలు దాచి ఉంచుతారు. ఇక్కడ ముత్తవ్వలెక్కడ? తోటవాళ్ళిచ్చిన ముతక కంబళి ఉంది, అది కొత్తది. ఓడక్క గోడ మీద వాళ్ళమ్మ అల్లిన ముక్కల్లో అన్నిటికన్నా మెత్తనిదాన్ని లాగి ఇచ్చింది. ఆ వానాకాలం లైన్లో పుట్టిన పసికందులు నిలవలేదు. నా పిల్ల నిలిచింది.

ఈ చలికాలం వచ్చేసరికి ఓడక్క మంచం పట్టింది. ఆస్పత్రికి పొమ్మంటే వినదు. తను అటు వెళ్ళగానే గది ఇంకెవరికో ఇస్తారని భయం. "నా గోడలు ఎవత్తి కాస్తదే?" అనేది. జ్వరం తగ్గిన ఒక పూట నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఏవే, ఈ గదిలో ఉన్నదంతా ఒకళ్ళు వద్దనుకున్నదే. మా అమ్మవి షావుకారు వద్దన్నాడు. ఇవి దొరసాని వద్దంది. నన్ను అత్తోళ్ళు వద్దన్నారు. పోయేటప్పుడు మాత్రం నాకో కొత్త గుడ్డ కప్పవే. నీళ్ళు తగలని కోరా గుడ్డ. ఇంకొకళ్ళ ఒళ్ళు ఎరగనిది."

"నోర్ముయ్యక్కా, శుభం పలకవే అంటే!" అని కసిరాను.

"కప్పుతానను."

"కప్పుతాను" అన్నాను. పోయినవాళ్ళకు కొత్త గుడ్డ కప్పడం మన దగ్గర ఎంత బీదకైనా జరుగుతుంది. అదేమంత పెద్ద కోరికనుకున్నాను?

నేను చేనినుంచి వచ్చేసరికి ఆమె వెల్లకిలా ఉంది, నా పిల్ల ఆమె పక్కన పడుకుని నిద్రపోతోంది. పొద్దు గుంకేలోపల మట్టి చెయ్యాలి, తెల్లారితే మళ్ళీ అందరూ పనికి పోవాలి. సరుకుల కొట్టుకు పరుగెత్తాను. తాళం. కొట్టువాడు లౌతోకా పట్నం వెళ్ళాడట. నేనే లౌతోకా పోతానంటే, చీటీ లేకుండా తోట దాటితే పారిపోయినట్టు రాస్తానన్నాడు సర్దారు. లైన్లో గది గదికీ తిరిగాను. ఒకత్తె పండక్కి కొన్న చీర తెచ్చింది, పాపం, ఒక్కసారే కట్టిందట. ఒక్కసారి కట్టినా కట్టిందే కదా. ఒకాయన తలపాగా విప్పి ఇచ్చాడు. అక్కా, ఒక్క గజం కోరా గుడ్డ దొరకని దేశానికి వచ్చామే అని బిగ్గరగానే అన్నాను.

ఆఖరికి బంగళాకు పోయాను. వంటవాడు నా మాట దొరసానికి చెప్పాడు. ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. లోపలికి పోయి, పెద్ద బల్లగుడ్డ తెచ్చి రెండు చేతులతో నాకిచ్చింది. చుట్టూ మూరెడు లేసు, వెన్నలాంటి గుడ్డ. "తన దగ్గరున్న వాటిల్లో ఇదే అన్నిటికన్నా పాతదట. వాళ్ళ ముత్తవ్వ పెళ్ళి నాటిది. అందుకే ఇస్తున్నానంటోంది" అన్నాడు వంటవాడు హిందుస్తానీలో. నాకు పాతది వద్దు, కొత్తది కావాలి, ముతకదైనా చాలని చెప్పమన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "ఇంతకన్నా ఏమిస్తుంది బహినీ? తీసుకుపో" అన్నాడు. ఆ తల్లి మంచిదే. ఆమెకు ఏం తెలుసు, నేను ఏం చెప్పను?

తిరిగి వచ్చేసరికి సర్దారు మా గుమ్మం ముందు ఉన్నాడు. చేతిలో పంచదార మిల్లు గోనెసంచి, మడత విప్పనిది. "కొత్తది కావాలని ఊరంతా అరిచావుగా. ఇదిగో, నయా" అని పడేశాడు. నిజమే, అది కొత్తదే. నీళ్ళు తగలనిదే. ఇంకొకరి ఒళ్ళు ఎరగనిదే. ఒక చేతిలో గోనె, ఒక చేతిలో ఆ లేసు పట్టుకుని నిలబడిపోయాను. మాట ఇచ్చానే, మాట తప్పకూడదంటే నా అక్కను పంచదార మూటలా కట్టాలా? దేవుడా, ఇలాంటి పరీక్ష పగవాళ్ళకు కూడా వద్దు.

విజీనారం ముసలమ్మ వచ్చి నా చేతిలో గోనె లాగి వీధిలోకి విసిరింది. "సచ్చినోలికి కొత్తది గావాల. మనకి నేదు. అయితే ఇది సావనేదు, పుడతంది అనుకుందుము. పుట్టినోలికి పాతదే గదేటి కప్పుతాము? తియ్యండే గుడ్డలు!" అంది.

ఆడవాళ్ళం కలిసి ఒక్కొక్కటే దించాం. అరల అంచులు, కుండ మీది మూత, గుమ్మం తెర. ఆఖరున వల మీది దుప్పటి. అది జారగానే, దించడానికి పెట్టె ఎక్కిన నాకు పక్క గది మగాళ్ళు కనబడ్డారు. వాళ్ళు మా వైపు వీపు తిప్పి నిలబడ్డారు. పసిపిల్లకు చుట్టినట్టే కాళ్ళ దగ్గర మొదలుపెట్టి, చేతులు లోపలికి సర్ది, మెడదాకా చుట్టాం. పైన దొరసాని బల్లగుడ్డ. ముసలమ్మ మాట నాకు బాగానే ఉంది. నమ్మకమే కుదరలేదు. నా అక్క అడిగింది ఒక్క కొత్త గుడ్డ. నేను లోకంలోని పాతగుడ్డలన్నీ కట్టి పంపించాను. ఇది నన్ను ఇంకా తింటోంది.

మట్టి చేసే చోటుకు దారి చెరుకు తోటలోంచే. సన్నటి బాట, రెండు వైపులా నరకని చెరుకు, రంపంలాంటి ఆకు. పైనున్న గుడ్డ అంచు ఒకవైపు జారి, లేసు ఆకులకు తగులుకుంది. మోసేవాళ్ళు లాగబోతే ఆగండని అరిచాను. దగ్గరికి పోయి చిక్కు విడదీశాను. నాలుగడుగులు వెయ్యగానే మళ్ళీ తగులుకుంది. మళ్ళీ ఆగారు. నా వేళ్ళు కోసుకుపోయాయి, లేసు మాత్రం తెగనివ్వలేదు. ఇంకో నాలుగడుగులకు ఇంకో ఆకు పట్టుకుంది. నలుగురూ భుజాల మీద బరువుతో అలాగే నిలబడ్డారు, నేను లేసు ఒక్కొక్క కన్నూ ఆకులోంచి తప్పిస్తూ ఉన్నాను.