ప్రైమర్ మీద కుంకుమ

నాయన మిలిటరీలో లారీ నడిపి రిటైరయ్యాడు. ఆ లారీని ప్లాస్టిక్ కిట్‌తో అరచేతంత బొమ్మగా చేసి, ఆయన నోటితో ‘ఇది నా బండే’ అనిపించాలని నా పట్టు. ముక్కలు అతికించడం నాకు చేతనైన పనే. రంగు దగ్గరే ఆయన మొండికేశాడు.

మొదటిసారి చూసి, “ఇది యాడ బండి పాపా? అరిటాకు మాదిరి ఉండాది,” అన్నాడు. ఆ రంగు కడిగేసి రెండోసారి మధ్యాహ్నం పూట మిద్దె మీద, రంగుకు అడుగుపూతగా వేసే ప్రైమర్ స్ప్రే చేశాను. తిరుపతి ఎండకు అది గాల్లోనే ఆరిపోయి లారీ మీద రవ్వలా రాలింది. నాయన వేలితో తడిమి, “గరుకు” అని పేపర్ తీసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చున్న మనిషికి ఇంత తనిఖీ ఎందుకు? అలా తిట్టుకుంటూనే మళ్లీ కడిగేశాను.

ఈసారి ఎండెక్కకముందే మిద్దెక్కాను. గాలికి అడ్డంగా పాత చీర కట్టి, పల్చగా పూత మీద పూత వేశాను. బూడిదరంగు ప్రైమర్ నున్నగా కుదిరింది. నాకే ముద్దొచ్చింది. హాల్లో కిటికీ పక్కన ఆరబెట్టి స్నానానికి వెళ్లాను.

ఆ రోజు ఆయుధపూజ. నేను వచ్చేసరికి అమ్మ స్కూటీకి, మిక్సీకి, కుట్టు మిషన్‌కు, కత్తిపీటకు గంధం, కుంకుమ పెట్టుకుంటూ వచ్చి, నా లారీ బానెట్‌కు కూడా పెట్టేసింది. పచ్చి ప్రైమర్‌లోకి ఎరుపు దిగిపోయింది.

“అమ్మా! ఏం చేసినావు?” అని అరిచాను.

“బండే గదా పాపా. మీ నాయన బండికి ఒక్క తూరైనా బొట్టు పెడదామంటే అది యాడో బార్డర్‌లో ఉండె. నేనేమో ఈడ గ్రైండర్లకు పెట్టుకుంటా కూసున్నా.”

నాయన అక్కడే ఉన్నాడు. పేపర్ దించలేదు.

నా కోపం చల్లారింది గానీ మరక మరకే. దాని మీద రంగు వేస్తే ఎరుపు పైకి తేలుతుంది. అమ్మ మొహం చూడకుండా లారీని పెరట్లోకి తీసుకెళ్లి బొట్టు కడిగాను. ఏడుపొచ్చింది. అయినా కడగడం ఆపలేదు. మళ్లీ ప్రైమర్ వేసి, ఎవరి చెయ్యీ తగలకుండా బీరువా మీద పెట్టి, బాగా ఆరనిచ్చాను. ఆ తర్వాతే ముదురు వేపాకు రంగు కలిపి వేశాను. చక్రాలకు కాస్త మట్టి రంగు అద్దాను.

రంగు ఆరాక తెచ్చి నాయన చేతిలో పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని, లారీని వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పాడు. డ్రైవర్ వైపు తలుపు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంకోసారి కడగమన్నా కడుగుతానని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఆయన వంటింటి వైపు తిరిగి అమ్మను కేకేశాడు.

“ఏమే, కుంకుమ భరిణె ఎత్తుకోని రా. నా బండికి బొట్టు పెట్టల్ల.”