మా కృప చదవని వాక్యం

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. ప్రార్థనలో ప్రతిసారీ దాని దాకా వస్తాను. వచ్చి, "నీకు అన్నీ తెలుసు కదా ప్రభువా" అని దాటేస్తాను. తెలిసినవాడికి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పే ధైర్యం లేదు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. ఇక చాలు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఓదార్చొద్దు, వినండి చాలు.

మాది హనుమకొండలో సుబేదారి. మా ఆయన ఇక్కడే ఒక ఆఫీసులో గుమాస్తా. నేను ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేసేదాన్ని. మా ఒక్కగానొక్క బిడ్డ కృపకు అయిదేళ్లు రాగానే ఉద్యోగం మానేశాను. దాన్ని బడికి పంపను, ఇంట్లోనే దేవుని భయంతో చదివిస్తాను అన్నాను. మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. మా ఆయన నెల రోజులు సణిగాడు. నేను వింటేగా! ఇది దేవుడు నాకిచ్చిన పిలుపు అని మా చర్చి సంఘంలో చెప్పాను, చుట్టాల్లో చెప్పాను, ఆఖరికి కూరగాయల బండి దగ్గర కూడా చెప్పాను.

మా ముందు గదే బడి అయింది. గోడకు గుణింతాల చార్టు, గరుకు కాగితంతో నేనే కత్తిరించి అట్టల మీద అంటించిన అక్షరాలు, లెక్కలకు చింతగింజలు. నెలకొక ప్రయాణం. పాఠంలో చెరువు వస్తే ధర్మసాగర్ పోయి, మా నల్లా నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసేవాళ్లం. పత్తి వస్తే ప్యాసింజర్ రైలెక్కి స్టేషన్ ఘన్‌పూర్ పోయి, తెలిసినవాళ్ల చేలో నిలబడి పత్తి తీసేవాళ్లం. ఆ రోజులు నిజంగానే బాగుండేవి. ఆ ఒక్కటీ అబద్ధం కాదు. నెలాఖరుకు ప్రగతి పుస్తకం రాసేదాన్ని. అందులో టీచరు సంతకం నాదే, తల్లి సంతకమూ నాదే. తప్పు పట్టేవాళ్లు ఎవరున్నారు?

కృపకు ఏదైనా రెండుసార్లు వింటే చాలు, నోటికి వచ్చేసేది. కథలు, కీర్తనలు, రైలు స్టేషన్ల పేర్లు అన్నీ. ఘన్‌పూర్ పోయేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని బోర్డులు చదివేది. కాజీపేట దాటాక పెండ్యాల, తర్వాత నష్కల్. మా ఆయన మురిసిపోయేవాడు. ఏడేళ్ల వయసులో ఒకసారి, తిరిగొచ్చే రైల్లో, బండి మొదటి స్టేషన్లో ఆగింది. "ఏం రాసుంది బిడ్డా?" అని అడిగాను. బోర్డు వైపు చూసి, వేలు పెట్టి మరీ, "పెండ్యాల" అంది. పసుపు బోర్డు మీద మనిషెత్తు అక్షరాలతో నష్కల్ అని ఉంది.

తిరిగి వస్తున్నాం కాబట్టి వరస తిరగబడిందని దానికి తోచలేదు. అది బోర్డు చదవడం లేదు. ఎన్నడూ చదవలేదు. ఇంటికొచ్చాక ఆయన లేని సమయంలో కొత్త పుస్తకం ముందు పెట్టాను. నాలుగు అక్షరాల మాట ఒక్కటి కూడా కూడబలుక్కోలేకపోయింది. ఇట్లాంటి పిల్లల్ని నేను బడిలో చూశాను. ఇది బద్ధకం కాదని, వేరే పద్ధతిలో నేర్పేవాళ్లు కావాలని ఎందరు తల్లులకో నేనే చెప్పాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

మరి ఆయనకు ఎందుకు చెప్పలేదు? రెండేళ్ల కింద పోరాడి గెలిచిన పంతం పోతుందనా? పిలుపు అని ఊరంతా చాటుకున్నది వట్టి నా మొండితనమని తేలుతుందనా? రెండూనేమో. ఇంకో నెల చూద్దాం, ఇంకో నెల చూద్దాం అనుకున్నాను, ఆ నెలల్లోనే మా పాస్టరయ్య, ఇంట్లో చదువుకున్న పాప ఎట్లా చదువుతుందో సంఘానికి చూపించాలి, వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పే సాక్ష్యం మీదే అని కబురు చేశారు. కాదనొచ్చు. జ్వరమని చెప్పొచ్చు. నేను ఏం చేశానో తెలుసా? బైబిల్లోంచి ఒక పెద్ద వేదభాగం నా గొంతుతో ఫోన్లో రికార్డు చేసి వారమంతా దానికి వినిపించాను. వరస కింద వేలు ఎంత మెల్లగా జరపాలో నేర్పాను. ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో నేర్పాను.

ఆదివారం పొద్దున తల దువ్వుతుంటే అడిగింది.

"మమ్మీ, నేను చదువుతలేను గదా. యాదికున్నయి చెప్తాన. అందరు చదువుతానని అనుకుంటరు. గది అబద్ధం కాదా?"

"దేవుని మాటలే గదనే చెప్పేది. దేవుని మాటలు చెప్తే అబద్ధమెట్లయితది?"

"డాడీకి చెప్పాల్నా?"

"వద్దు. డాడీ ఫికర్ పడతడు. ఎవ్వరికి చెప్పకు."

ఏడేళ్ల పిల్లకు తెలిసింది నాకు తెలియలేదా? తెలుసు. తెలిసే నోరు మూయించాను, అదీ దేవుని పేరు పెట్టి.

కృప ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. సంఘమంతా హల్లెలూయా అంది. మా ఆయన ఏడ్చాడు. ఆ సాక్ష్యం విని ఒక కుటుంబం తమ ఇద్దరు పిల్లల్ని బడి మాన్పించింది. ఆ తర్వాత అయిదేళ్లు, అమ్మాయీ నేనూ అదే ఆట ఆడాం.

దానికి పన్నెండేళ్లప్పుడు, ఇంట్లో చదివించే కుటుంబాల కూటానికి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. పిల్లలందరికీ కొత్త కథ రాసిన కాగితాలు ఇచ్చి చదవమంది. కృప కాగితం పట్టుకుని నిలబడిపోయింది. నిమిషం గడిచింది. అందరి ముందూ, ఆయన ముందూ. ఆ టీచరమ్మ మెత్తగానే చెప్పింది, చిన్నప్పుడే ఎవరికైనా చూపిస్తే బాగుండేదమ్మా అని. నేను, "అయ్యో, మాకు తెలియనే తెలియదండీ" అన్నాను. గొంతు వణికించి మరీ అన్నాను.

ఇంటికొచ్చాక ఆయన కృపను ఎదురుగా నిలబెట్టాడు. "ఇన్నేండ్ల సంది మమ్మల్ని నమ్మిచ్చినవా? ఆఖరికి వాక్యం పట్టుకొని గూడ?" అన్నాడు. అది నా వైపు ఒక్కసారి చూసింది. నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. "తప్పయింది డాడీ" అంది.

నా అసలు తప్పు ఆ మొదటిది కాదు, ఈ నింద దాని మీద పడనివ్వడం. అక్షరాలు రాకపోవడానికి మందు ఉంది. నేర్పేవాళ్లను వెతికాం, ఆలస్యంగానైనా నేర్చుకుంది. వేలు పెట్టుకుని నెమ్మదిగా చదువుతుంది, ఓపెన్ స్కూల్లో పది పాసయింది. కానీ ఏడేళ్లుగా అది ఏం చెప్పినా ఆయన "నిజమేనా?" అంటాడు. స్నేహితురాలి ఇంటికి పోయానన్నా నిజమేనా, కడుపునొప్పి అన్నా నిజమేనా. పోయిన వారం, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణకు ఎంపికయ్యానని గంతులేస్తూ వచ్చి చెప్పింది. ఆయన, "ఆగు, నేను పోయి కనుక్కుంటా" అన్నాడు. పంతొమ్మిదేళ్ల పిల్ల ముఖం వాడిపోయింది. నేను వంటింట్లో పప్పు ఎనుపుతూ నిలబడ్డాను.

ఇక్కడిదాకా రాసి మొన్న ఆపేశాను. మీకు చెప్పడం సులువు. మీరు నా కంచం ఎదుట కూర్చోరు. కాగితం మీద ఏడ్చి పండుగ చేసుకుంటున్నానా అని నా మీద నాకే ఒళ్లు మండింది.

నిన్న మధ్యాహ్నం అన్నాలయి ఇంకా లేవకముందే, కృప ఉండగానే ఆయనకు చెప్పాను. రైలు, రికార్డింగు, పేజీ తిప్పడం, ఎవ్వరికి చెప్పకు అనడం. వరసగా, ఏడవకుండా చెప్పాను. ఆయన కృప వైపు తిరిగాడు. "నిజమేనా?"

అది నన్ను చూసింది. "నాకు యాదికి లేదు డాడీ" అంది.

ఇప్పటికీ నన్ను కాస్తోంది. ఈసారి ఊరుకోలేదు. "యాదికుంది. దానికి అన్ని యాదికుంటయి. నా కోసం ఇప్పుడు గూడ అబద్ధం చెప్తాంది. గిది గూడ నేను నేర్పిందే" అన్నాను.

కృప మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా దాని పక్కన కింద కూర్చున్నాడు. నాతో మాట్లాడలేదు. ఇవాళా మాట్లాడలేదు. క్షమించమని వాళ్లను అడగలేదు, అడగను. అడిగితే ఆ బరువు కూడా వాళ్ల మీదే పడుతుంది. ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడతాను. బడి మాన్పించిన ఆ కుటుంబం రెండో వరసలో కూర్చుంటుంది, వాళ్లను చూస్తూనే చెబుతాను. సంఘం ఏమన్నా అననీ.

నా బిడ్డ అబద్ధాలకోరు కాదు. ఈ ఒక్క మాట తల్లిగా ఏడేళ్ల కిందే చెప్పాల్సింది. నిన్న చెప్పాను.