మదీనా దారిలో హజ్రత్ గారి అరబ్బీ

మొన్న పాకాల జంక్షన్‌లో రైలు కోసం కూర్చుని ఉండగా నా వెనక బల్ల మీద నుంచి ఒక కేక వినిపించింది. "యల్లా, తఆల్ హ్నీ!" కువైట్‌లో ఇంటి పనికి పోయి సెలవు మీద వచ్చిన ఒకావిడ, ప్లాట్‌ఫారం అంచుకు పరుగెత్తుతున్న బిడ్డను వెనక్కి పిలుస్తోంది. అక్కడ పలికి పలికి ఆ మాట నాలుక మీద నిలిచిపోయినట్టుంది. ఆ 'తఆల్' మధ్యలో గొంతు అడుగు నుంచి, పిండినట్టు వచ్చే ఒక అక్షరం ఉంది. మన వర్ణమాలలో దానికి చోటు లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చిత్తూరు సంతపేటలోని ఒక అరుగు మీద కూర్చుని, గొంతు మంట పుట్టేదాకా నేను సాధన చేసిన అక్షరం అది. రైలు వచ్చి పోయింది. ఎక్కడం మరిచిపోయాను.

నాకు ఆ అక్షరం నేర్పినాయనను ఊరంతా హజ్రత్ గారు అనేది. వేలూరులో అరబ్బీ చదివి, చిత్తూరులో బడిపిల్లలకు చాలాకాలం పాఠాలు చెప్పి, పని మానుకున్న తరువాత భార్యతో కలిసి హజ్‌కు పోయి వచ్చిన పెద్దమనిషి. "మక్కాలో అరబ్బులతో అరబ్బీలోనే మాట్లాడొచ్చినాయన" అని సంతపేటలో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడు ఆయన అవుననీ కాదనీ అనేవారు కారు. గడ్డం దువ్వుకునేవారు.

మాది ఒకప్పుడు పాళెం ఏలిన కుటుంబం. వంశం పేరు ఇక్కడ రాయను. తెలిసినవాళ్ళు జాలి పడతారు, తెలియనివాళ్ళు నవ్వుతారు. రెండూ నాకు పడవు. నా కాలానికి భూములు ఏలంలో పోయి, ఇంటి ముందు భాగమూ నాయన తలపాగా మిగిలాయి. పాడుబడిన వెనక గదులకు తాళాలు ఎందుకని ఎవరైనా అడిగితే "మరమ్మతు చేయించాల" అనేవాడు నాయన. ఆ రోజుల్లో బస్రా రేవులో మన సైన్యం సరుకులు దిగుతున్నాయనీ, అరబ్బీ తెలిసిన దుబాసీలను మద్రాసులో పరీక్ష పెట్టి తీసుకుంటారనీ తెలిసింది. ఆ ఉద్యోగం వస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, రాకపోతే వెలగదు. ఇది అమ్మకూ నాకూ తెలుసు. నాయనకూ తెలుసు. కానీ బంధువులతో మాత్రం "మావాడు విద్య కోసం అరబ్బీ చదవతాండాడు, ఉద్యోగమెందుకు మాకు" అని చెప్పేవాడు.

మొదటి రోజు హజ్రత్ గారి అరుగు ముందు నిలబడి నేను ఎవరి మనవడినో, ఏ పాళెం వాడినో బిరుదులతో సహా చెప్పాను. ఆయన అంతా ఓపికగా విన్నారు.

"మీ తాత పేరు చెప్పినావు, వాళ్ళ తాత పేరు చెప్పినావు. నీ పేరు చెప్పలేదే అప్పా" అన్నారు.

లోపల తెర వెనక నుంచి ఆయన భార్య బీబమ్మగారి నవ్వు వినిపించింది. నాకు ఒళ్ళు మండింది. అయినా మరునాడు వెళ్ళాను.

అరబ్బీ వ్యాకరణం నాకు వెంటనే నచ్చింది. ఎందుకు నచ్చిందో చాలా ఏళ్ళకుగానీ అర్థం కాలేదు. ఆ భాషలో ప్రతి నామం తన హోదాను చివర ధరించి వస్తుంది. పని చేసినవాడి మాట చివర ఉకారం, పనిని భరించినవాడి మాట చివర అకారం, మరొకరి చాటున నిలబడినవాడికి ఇకారం. వాక్యంలో ఏ మూల నిలబెట్టినా వాడెవడో చివర చూసి చెప్పవచ్చు. దర్బారులో ఎవరి ఆసనం వారిదే అన్నట్టుగా ఉండేది నాకు. ఒక చివరి అచ్చు జారితే హజ్రత్ గారు పుస్తకం మూసేసేవారు. "బట్టలేసుకోకుండా వీధిలోకి పంపినావే దాన్ని, పాపం" అనేవారు. ఆ పాపం అన్న మాట ఏ బెత్తం కంటే ఎక్కువగా తగిలేది.

ఏడాది దాటేసరికి నేను తడబడకుండా మాట్లాడగలిగాను. మద్రాసు పరీక్షకు పిలుపు వచ్చింది. అక్కడ ఒక తెల్ల దొర, ఆయన పక్కన బస్రా నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కూర్చుని మాట్లాడిస్తారని చెప్పారు. నేను ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. భాషను పొగిడి, గురువును పొగిడి, చివర మా వంశాన్ని కూడా రెండు వాక్యాల్లో తలచుకునే ప్రసంగం. బయలుదేరే ముందు నాయన స్వయంగా హజ్రత్ గారి ఇంటికి వచ్చాడు, పళ్ళెంలో మామిడిపండ్లు పెట్టుకుని. ఆయన ఎవరింటికీ అలా పోయినవాడు కాడు. పక్కింటివాళ్ళు, వీధి చివర సైకిళ్ళు బాగుచేసే మస్తాను, అందరూ అరుగు చుట్టూ చేరారు. నేను లేచి ప్రసంగం చేశాను. ఒక్క అచ్చు జారలేదు.

"బలే!" అన్నాడు మస్తాను. "హజ్రత్ మక్కాలో ఇట్లనే మాట్లాడింటాడు!"

నాయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. హజ్రత్ గారు మాత్రం మామిడిపండు ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పుతూ ఉన్నారు. అప్పుడు తెర వెనక నుంచి బీబమ్మగారి గొంతు వచ్చింది.

"చెప్పండి. చెప్పకుంటే బిడ్డ ఆడకు పోయి మనమాదిరే నిలబడతాడు."

"నువ్వు ఊరుకో" అన్నారాయన.

"నేను ఆ పొద్దు ఊరుకునింటే మదీనా దారిలోనే పోయిండేదాన్ని."

హజ్రత్ గారు పండును పళ్ళెంలో పెట్టేసి చెప్పడం మొదలుపెట్టారు. మదీనాకు ఒంటెల మీద పోతుండగా బీబమ్మగారికి జ్వరం వచ్చింది. మిట్ట మధ్యాహ్నం. నీళ్ళతిత్తి ఒంటెలవాడి దగ్గర ఉంది. హజ్రత్ గారు వాడి దగ్గరకు వెళ్ళి, తాను జీవితమంతా నేర్పిన అరబ్బీలో, అచ్చులన్నీ నిండుగా పలుకుతూ, 'ఓ ఒంటెల యజమానీ, తాపముచే బాధింపబడుచున్న నా ధర్మపత్నికి జలమొసంగుము' అన్నంత గంభీరంగా అడిగారు.

"వాడు టక్కున నిలబడిపోయినాడు. తల వంచుకున్నాడు. నేను అంతా చెప్పేదాకా కదల్లేదు. చెప్పడం అయినాక 'ఆమీన్' అని రెండు చేతుల్తో మొహం తుడుచుకున్నాడు."

ఎవరికీ అర్థం కాలేదు.

"దువా చదవతాండానని అనుకున్నాడప్పా. వాళ్ళ చెవికి అట్లాంటి అరబ్బీ ప్రార్థనలోనే వినబడేది. ప్రార్థన చదివేటప్పుడు మధ్యలో కదిలితే తప్పు గదా. నాకేమో వాడికి సరిగ్గా వినపళ్ళేదని అనిపించింది. ఇంకా గట్టిగా, ఇంకా శుద్ధంగా చెప్పినా. మళ్ళీ ఆమీన్ అన్నాడు. కండ్లల్లో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు, మహానుభావుడు."

"ఆ కన్నీళ్ళన్నా నాకు తాగిపిచ్చింటే బాగుండు" అన్నది తెర. "నేను చెంబు తీసుకుని అంబారీ కర్రకేసి టంగుటంగున కొట్టి 'నీళ్ళయ్యా, నీళ్ళు!' అని తెలుగులో అరిస్తి. పరిగెత్తుకుంటా తెచ్చినాడు."

మస్తాను పగలబడి నవ్వాడు. "అయితే మక్కాలో మాట్లాడొచ్చింది బీబమ్మేనా హజ్రత్!"

అరుగంతా నవ్వింది. హజ్రత్ గారు కూడా నవ్వారు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్ళో తనకున్న గౌరవంలో సగం ఆయన ఆ మధ్యాహ్నం చేతులారా దించి మా ముందు పెట్టేశారు. నాయన నవ్వలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, ఎవరికీ తలవంచని మనిషి, ఆయనకు రెండు చేతులూ జోడించాడు.

ఇంటికి నడిచే దారిలో నాయన "తన ఓటమి తానే చెప్పుకున్నాడ్రా, పరాయి బిడ్డ కోసరం" అన్నాడు. "మనింట్లో ఎవురన్నా ఎప్పుడన్నా చెప్పినామా?"

మిగిలిన కొద్ది రోజులూ హజ్రత్ గారు నాకు అరబ్బీ విప్పడం నేర్పారు. "నువ్వు ఇంట్లో 'యాడికి పోతాండావు' అంటావు. పరీక్షలో 'ఎక్కడికి వెళ్ళుచున్నావు' అని రాస్తావు. రెండూ తెలుగే గదా? ఇదీ అంతే. 'యాడ' అనేదానికి పుస్తకంలో 'ఐన', మక్కాలో 'ఫేన్', బస్రావాళ్ళు 'వేన్' అనంగా హజ్‌లో విన్నా. నీళ్ళకు కూడా ఊరికొక పేరు." చివరి అచ్చులు ఎక్కడికి పోయాయని అడిగాను. "రాలిపోయినాయి. ఎప్పుడో రాలిపోయినాయి" అన్నారు. నాకు అది అవమానంగా తోచింది. ఆయన నా మొహం చూసి, "హోదా గుర్తులు పోయినాయని మాట చావలేదు సూడు. వరసలో తన చోటు తాను చూసుకుని నిలబడింది. బతకాలనుకున్నది అట్లనే బతుకుతుంది" అన్నారు. ఆయన అరబ్బీ గురించే చెప్పారు. నేను మా ఇంటి గురించి విన్నాను.

బస్రా మాట అంతకుమించి ఆయనకూ తెలియదు. "తెలియనప్పుడు తెలియదని చెప్పు. ముందు విను" అని పంపించారు.

మద్రాసులో నా ముందు లోపలికి పోయిన అభ్యర్థి గొంతు బయటికి వినిపిస్తూనే ఉంది. అద్భుతమైన అరబ్బీ. త్వరగానే బయటికి వచ్చేశాడు, మొహం కందగడ్డలా. నా వంతు వచ్చింది. బస్రా పెద్దాయన చిన్న కళ్ళతో చూసి "ష్లోనక్?" అన్నాడు. ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ప్రసంగం గొంతుదాకా వచ్చింది. మింగాను. అచ్చులు విడిచేసి, పొట్టి మాటల్లో, "నేను పుస్తకం నుంచి నేర్చుకున్నాను. మీ మాట నాకు కొత్త. మెల్లగా చెప్పండి, నేర్చుకుంటాను" అన్నాను. ఆయన మొహం విప్పారింది. ఎలా ఉన్నావని అడిగానయ్యా అని మెల్లగా విడమరిచి చెప్పాడు. తరువాత పడవలో తడిసిన బస్తాల గురించి ఏదో చెప్పాడు. అర్థం కానిచోట ఆపి అడిగాను, అర్థమైనంతవరకు దొరకు ఇంగ్లీషులో చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. మా వంశం ఊసు ఎవరూ ఎత్తలేదు.

నేను బయలుదేరిన రోజు చిత్తూరు స్టేషనుకు బంధువులు వచ్చారు. మా పెదమామ అలవాటుగా నాయనను ఎగతాళి చేశాడు. "ఏం బావా, చిన్నదొర దేశాటనకా?" నాయన తలపాగా సర్దుకున్నాడు. మరమ్మతు కథ లాంటిదేదో వస్తుందని అమ్మా నేనూ తల తిప్పుకున్నాము.

"పనికి పోతాండాడు" అన్నాడు నాయన, అందరికీ వినబడేట్టు. "ఇంట్లో గింజల్లేవు. వాడు పంపిస్తే తినాల."

 రైలు కదిలేదాకా నా సంచి పెదమామే పట్టుకుని నిలబడ్డాడు.

బస్రాలో యుద్ధం ముగిసేదాకా పనిచేశాను. తిరిగి వచ్చాక హజ్రత్ గారు నన్ను అరుగు మీద తన చోట కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చుని, రేవు కూలీలు ఎట్లా పలుకుతారో పలికించుకుని విన్నారు. కొన్ని మాటలు తానూ పలికి చూశారు. తప్పు పోయిన ప్రతిసారీ తెర వెనక నవ్వు వినిపించింది.

ఇప్పటికీ నేను ఎవరి ముందూ నడుము వంచను. అది మావాళ్ళు ఇచ్చిపోయింది, వదులుకోను. కానీ కొత్త చోట అడుగు పెడితే ముందు నాకు తెలియనిది చెబుతాను, తరువాతే తెలిసింది. ఈ వరస మా వంశంలో లేదు. సంతపేట అరుగు మీద నుంచి తెచ్చుకున్నాను.