ఐలెస్సాలో తప్పు దెబ్బ

ఖిదిర్‌పూర్ రేవుకెళ్లే బస్సులో నా ఇయర్‌ఫోన్ పాడైంది. వందేళ్ల నాటి ఓడరేవు కథతో తీస్తున్న తెలుగు సినిమాకి నేను చేసిన పాటను ఫోన్ స్పీకర్‌లోనే పెట్టి వింటున్నాను. కూలీలు ‘ఐలెస్సా’ అంటూ మోకు లాగుతుంటే వెనక ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ మోగుతాయి.

“ఏటా గోల? ఆపు” అన్నాడు పక్క సీటు ముసలాయన.

నాకు ఒళ్లు మండింది. “పాత కథకి కొత్త మ్యూజిక్ పెడితే మీకు నచ్చదులెండి.”

“కొత్తదో పాతదో, నాకేటి? ‘ఐ’ అన్నప్పుడు ఊపిరి తీసుకోవాల, ‘లెస్సా’ అన్నప్పుడు లాగాల. నువ్వు డ్రమ్ము దెబ్బ ‘ఐ’ మీద ఏసినావు. అక్కడ ఒక్కడు లాగినా, పక్కోడి సెయ్యి మోకు తిరిగే కప్పీలో పడి నలిగిపోతాది.”

“సినిమాలో ఎవరి చెయ్యీ నలగదులే, తాతా.”

ఆయన ఎడమ చెయ్యి తీసి నా ఫోన్ మీద బోర్లా పెట్టాడు. బొటనవేలూ చిటికెనవేలూ తప్ప మిగతావి లేవు. మధ్యలోంచి స్క్రీన్ కనిపిస్తోంది, పాట మోగుతూనే ఉంది. తర్వాతి స్టాపులో నావైపు చూడకుండా దిగిపోయాడు.

ఆ దెబ్బని ‘లెస్సా’ మీదికి జరపడానికి నాకింకా వారం టైముంది. అరగంట పని. పంతానికి పోయి జరపలేదు.

సినిమా విడుదలయ్యాక హాలంతా సరిగ్గా ఆ దెబ్బ మీదే చప్పట్లు కొట్టింది. నేను చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.