నూట ఇరవై నాలుగో పేజీ

ఈ రోజు పొద్దున ఒక పరిశోధక విద్యార్థిని స్టాఫ్‌రూములో నా బల్ల మీద పెట్టిన కాగితాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ప్రింటర్‌లోంచి తీసి అట్లాగే పట్టుకొచ్చినట్టుంది. ఆ వెచ్చదనం అరచేతికి తగలగానే టోనర్ పొడి వాసన, దాని వెనకే కాస్త తంబాకు ఘాటు ముక్కుకు తగిలాయి. మా స్టాఫ్‌రూములో తంబాకు ఎక్కడిది? పదిహేనేళ్ళుగా నా ముక్కుకున్న పిచ్చి అది. వేడి కాగితం ముట్టుకుంటే చాలు, నిజామాబాద్ బస్టాండ్ వెనక గల్లీలో గంగాధరన్న డీటీపీ సెంటర్‌కి వెళ్ళిపోతాను. ముందు గదిలో ఆయన కంప్యూటరు, వెనక గదిలో వదిన బీడీల చాట, రెంటికీ మధ్య ఒక పాత చీర పరదా.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చదివింది ఇంటర్ వరకు. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే దానికి వదిన బీడీలకు కట్టే దారమే చుట్టి నడిపించేవాడు. పెళ్ళి పత్రికలు, కోర్టు కాగితాలు, ఎన్నికల కరపత్రాలు కొట్టేవాడు; మధ్యమధ్య మాలాంటి వాళ్ళ థీసిస్‌లు. వేగంగా కొట్టేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. కానీ థీసిస్ చివర వచ్చే గ్రంథసూచి, పేజీల కింద వచ్చే అధోజ్ఞాపికలు, అంటే ఏ మాట ఏ పుస్తకంలోంచి తీసుకున్నామో చెప్పే ఆ చిన్న అక్షరాలు, వాటికి మాత్రం అందరూ ఆయన దగ్గరికే రావాలి. మా గైడుగారు కూడా ఆయనకు భయపడేవారు.

నా పరిశోధన బోధన్ చుట్టుపక్కల చెరకు బండ్లు తోలిన వాళ్ళ మీద. మొదటి రోజు ఆయన ముందు ఒక గుడ్డ సంచి బోర్లించాను. బస్ టికెట్ల వెనక, మందుల చీటీల వెనక, కాలెండర్ ముక్కల మీద పుస్తకాల పేర్లు రాసుకుని ఆరేళ్ళు పోగుచేశాను మరి. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి చూసి, "గిదేంది చెల్లె, జేబులు దులిపినవా?" అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సంచి తీసుకుని లేచాను. "కూసో, కూసో. అలిగితే అక్షరాలు పడుతయా?" అని, మిగిలిపోయిన పెళ్ళి పత్రికల అట్ట కాగితం కత్తిరించి దొంతరగా నా చేతిలో పెట్టాడు.

"ఒక్క చీటికి ఒక్కటే పుస్తకం. ముందట రాసినాయన ఇంటిపేరు, పేరు, సంవత్సరం, పుస్తకం, అచ్చయిన ఊరు. ఎన్కకు తిప్పి, నువ్వు చదివిన పేజీ నంబరు, గా పేజీల ఏమున్నదో నీ మాటల రెండు ముక్కలు. ఎన్కపక్క ఖాళీగుంటే నేను కొట్ట."

వారం రోజులు సెంటర్ ముందు అరుగు మీద కూర్చుని చీటీలు రాశాను. రాసినవి ఇరవై అయిదేసి లెక్కపెట్టి బీడీ దారంతో కట్టమని ఆయన నియమం. మొదటి కట్ట వదినే కట్టి చూపించింది. రెండు చుట్లు, ఒక ముడి, అంతే. "మా కట్టకు గూడ ఇరవై అయిదే. నీ పుస్తకాలు గూడ నా లెక్కలకే వచ్చినయి సూడు," అని నవ్వింది. నా కట్టలు ఎప్పుడూ వదులే. ఆవిడ చూడలేక విప్పి మళ్ళీ కట్టేది.

టైపు చేసేటప్పుడు నేను పైకి చదవాలి, ఆయన కొట్టాలి. పేరు తర్వాత కామా, సంవత్సరం తర్వాత చుక్క, పుస్తకం పేరు వాలు అక్షరాల్లో. ఒకచోట చుక్క మర్చిపోయానని నన్ను మొదటినుంచి చదివించాడు. ఒళ్ళు మండిపోయింది. "చుక్క లేకపోతే కొంపలేమైనా మునుగుతాయా అన్నా?" అన్నాను. ఆయనేమీ అనుకోలేదు. కంప్యూటర్ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే చెప్పాడు. "మునగయి. రేపు ఎవరో నీ కాగితం పట్టుకొని గా పుస్తకం దేవులాడుకుంట పోతరు చెల్లె. నువ్వు పోయిన తొవ్వ ఆల్లకు జరా సక్కగ జెప్పాలె గద." గైడుగారు ఆరేళ్ళలో ఎన్నడూ చెప్పని మాట అది. నేను నోరు మూసుకుని మళ్ళీ చదివాను.

సోమవారం అయ్యేసరికి మూడో అధ్యాయానికి వచ్చాం. శుక్రవారం సాయంత్రం అయిదింటికి యూనివర్సిటీలో థీసిస్ ఇవ్వాలి. అప్పటికే గడువు రెండుసార్లు పొడిగించారు, ఇంక పొడిగించరు. ఆ గంట దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే. నేను గడగడా చదువుకుపోతుంటే ఒక చీటీ దగ్గర ఆయన చేతులు ఆగిపోయాయి. బోధన్ వైపు చెరకు సాగు గురించి ఒక బడిపంతులు ఎప్పుడో సొంతంగా అచ్చు వేయించుకున్న పుస్తకం అది. చెరకు నరకడం, మోపు కట్టడం ఆడవాళ్ళ పని, బండి తోలడం మగవాళ్ళదే అని చెప్పడానికి మా పరిశోధకులంతా దాన్నే చూపిస్తారు. రెండు వందల పద్నాలుగో పేజీ.

"పుస్తకం చూసినవా?"

"చూశాను."

ఆయన నా చేతిలోంచి చీటీ తీసుకుని వెనక్కి తిప్పాడు. ఖాళీ. దొరికిపోయాను. ఆ ఒక్కటీ సీనియర్ థీసిస్‌లోంచి ఎత్తి రాసుకున్నాను. అందరూ అలాగే చేసేవారు. ఒకరి సూచిలోంచి ఇంకొకరు, వాళ్ళ దాంట్లోంచి మరొకరు. చూశానని ఎందుకు అబద్ధమాడానో తలచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది.

"గా పుస్తకంల ఉన్నయే నూట ఎనభై పేజీలు," అన్నాడు నెమ్మదిగా. "రెండు వందల పద్నాలుగు యాడికెల్లి వస్తది?"

నన్ను తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"గది నా చెయ్యి చెల్లె. నేను కొట్టిన మొట్టమొదటి థీసిస్. గా థీసిస్ సార్ చేతిరాతల నూట ఇరవై నాలుగు అనే ఉన్నది. నేనే అంకెలు గలత్ కొట్టిన. రెండో ఆయన వచ్చిండు, గదే నంబరు. మూడో ఆమె, గదే. నాకు అనుమానం వచ్చి బోధన్ పోయి పుస్తకం చూసొచ్చిన. సార్‌కు జెప్తే, ఎవరు చూస్తరు గంగాధర్ అని నవ్విండు. మిగిలినోళ్ళకు జెప్పలే. జెప్తే గిరాకి పోతదని భయపడ్డ. ఎవరన్న థీసిస్ తెస్తే ముందుగాల గా నంబరే దేవులాడుత. ఉంటది. గది చూసినప్పుడల్ల నా మనసు మనసుల ఉండది."

ఆయన తప్పు ఒప్పుకుంటుంటే నాకు జాలి కలగాలి కదా! కలగలేదు. కోపం వచ్చింది. "సరే అన్నా, నూట ఇరవై నాలుగు అని కొట్టెయ్. నాలుగు రోజులే ఉన్నాయి," అన్నాను.

"కొడత. గా పేజీల ఏమున్నదో నీకెరుకేనా?"

"నువ్వు చూశావుగా, నువ్వే చెప్పు."

"నేను జెప్తే నువ్వు చదివినట్టా? పోయి చదువు."

కాగితాలన్నీ అక్కడే వదిలేసి, ఆయన్ని మనసులో నానా తిట్లూ తిట్టుకుంటూ ఇంటికెళ్ళాను. పొద్దున్నే లేచి బోధన్ బస్సు మాత్రం ఎక్కాను. అక్కడ ఒక పాత పఠన మందిరంలో బీరువా అడుగున దొరికింది ఆ పుస్తకం. నూట ఇరవై నాలుగో పేజీ పై సగంలో, బండి తోలడం మగవాళ్ళ పనేనని ఊళ్ళో అందరూ చెబుతారని ఉంది. కింది సగంలో, తాను కళ్ళారా చూసింది మాత్రం వేరని, వర్ని ఊరి వైపు నుంచి వచ్చే చెరకు బండ్ల మీద ఆడపిల్లలు పగ్గాలు పట్టుకుని కూర్చునేవారని రాశాడు ఆ పంతులు. మొదటి సారు పై సగమే తీసుకున్నాడు. మేమంతా ఆయన్ని తీసుకున్నాం.

వర్నిలో సాయవ్వ అనే ముసలామె రెండేళ్ళ కింద నాతో చెప్పింది, పెళ్ళికి ముందు తానే ఎడ్లు కట్టి బోధన్ దాకా చెరకు తోలానని. నేను నవ్వి ఊరుకున్నాను. పుస్తకంలో అలా లేదు కదా, ముసలామె గొప్పలు చెబుతోందనుకుని ఆ మాటలన్నీ పక్కన పెట్టేశాను. చూడని పుస్తకాన్ని నమ్మి, ఎదురుగా కూర్చున్న మనిషిని నమ్మలేదు నేను.

అక్కడినుంచే గంగాధరన్నకు ఫోన్ చేసి చదివి వినిపించాను. సాయవ్వ సంగతీ చెప్పాను. "మల్ల ఆమె పేరు గూడ సూచిల ఎక్కాలె. ఆమె ఇంటిపేరేంది?" అన్నాడు. తెలియదన్నాను. "ప్రొఫెసర్లకు ఇంటిపేరు ముందట పెడుతున్నం. ఆమెకెందుకు పెట్టం? అడిగి రా."

మధ్యాహ్నానికి వర్ని చేరాను. సాయవ్వ గడప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నేను అడిగింది విని తల ఎత్తింది. "నా ఇంటిపేరుతోని నీకేం పని బిడ్డా? గింతవరకు ఎవ్వలు అడగలే. తల్లిగారిదా, అత్తగారిదా?"

"నీ ఇష్టం అవ్వా. ఏది చెబితే అది రాస్తాను."

చేతిలో చింతపండు పక్కన పెట్టింది. "బండి తోలింది పెండ్లిగాక ముందు. ఎడ్లు మా బాపుయి. మా బాపు ఇంటిపేరే రాయి. నీరడి. నీరడి సాయవ్వ." ఆ రెండు మాటలూ మళ్ళీ ఒకసారి తనలో తానే అనుకుంది. నేను అక్కడే ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

బుధవారం పగలంతా మూడో అధ్యాయం తిరగరాశాను. గురువారం గంగాధరన్న పెళ్ళి పత్రికల వాళ్ళని రేపు రమ్మని పంపేసి నాకోసం కొట్టాడు. ఎక్కడైనా కట్ట కలిసిపోతుందేమోనని వదిన పరదా పక్కన చీటీలు వరసగా పేర్చి అందించింది. తప్పు నంబరు గురించి పేజీ కింద ఒక అధోజ్ఞాపిక పెట్టాలన్నాను. మునుపటి థీసిస్‌లలో పడినది టైపు పొరపాటు అని రాసిచ్చాను. శుక్రవారం మధ్యాహ్నం ప్రింటు తీశాక, ఆ వేడి కాగితం మీద చూస్తే నేను రాసివ్వని మాట ఒకటి అదనంగా ఉంది. "టైపు చేసినది: గంగాధర్, నిజామాబాద్."

"నీ పేరెందుకన్నా? తీసెయ్," అన్నాను.

"ఎవరి మాటకు ఆల్ల పేరు పెట్టినం. తప్పుకు మాత్రం పేరొద్దా? ఇగ నడువు, బస్సు పోతది."

అయిదింటికి పావుగంట ముందు థీసిస్ ఇచ్చాను. ఇప్పుడా గల్లీలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. గంగాధరన్న పోయి నాలుగేళ్ళు. ఆయన కొట్టిన వేల పేజీల్లో ఆయన పేరు పడింది ఆ ఒక్క చోటే.

ఈ పొద్దున అమ్మాయి తెచ్చిన సూచి చూడ ముచ్చటగా ఉంది. కామాలు, చుక్కలు కంప్యూటరే పెట్టేసిందట. నేను చదువుతూ పోయి ఒకచోట వేలు పెట్టాను. నీరడి సాయవ్వ. నా థీసిస్‌లోంచి తీసుకున్న ఆధారం.

"చూశావా?" అన్నాను.

"చూశాను మేడమ్," అంది. ఆ గొంతు నాకు తెలుసు, ఆనాడు అబద్ధమాడిన నా గొంతే, అనుకున్నాను. ఇంతలో ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసి పేజీ తిప్పింది. "అక్కడే కింద చిన్న అక్షరాల్లో ఇంకో పేరుంది మేడమ్. గంగాధర్, నిజామాబాద్ అని. లైబ్రరీలో ఎంత వెతికినా దొరకలేదు. ఆయన ఏం పుస్తకం రాశారు?"

అంత కిందిదాకా చదివినవాళ్ళు ఇన్నేళ్ళలో ఈ పిల్ల ఒక్కతే. కళ్ళు తుడుచుకుని కుర్చీ దగ్గరికి లాగి కూర్చోమన్నాను.

"పుస్తకమేం రాయలేదమ్మా. ఒక అంకె తప్పు కొట్టాడు. కొట్టింది నేనేనని చెప్పాడు."